ఇంగ్లీషు సంతోషాలు, సరిహద్దు భాగ్యాలు

ఆంధ్ర సరిహద్దును ఆనుకున్న ఒడిశా ఊరు పర్లాకిమిడి బజారులో ఎవరినైనా తెలుగులో 'భాగ్యవంతుడు' అంటే, ఆయనకు ఆస్తిపాస్తులు దండిగా ఉన్నాయని వినేవారు అనుకుంటారు. అదే బజారులో ఒడియాలో 'భాగ్యబాన' అంటే కాలం కలిసివచ్చినవాడని అర్థం. ఇంట్లో చిల్లిగవ్వ లేకపోయినా, కొడుకు పెద్ద గండం నుంచి బయటపడితే ఆ తండ్రి భాగ్యబానే. రెండు మాటలకూ మూలం ఒక్కటే. భాగం అంటే వాటా. విధి పంచిపెట్టిన వాటాలో ఒకరికి దక్కినది భాగ్యం. ఆ మాటను తెలుగు సంపద వైపు నడిపించింది, ఒడియా అదృష్టం దగ్గరే ఉంచింది. అలాగని తెలుగులో పాత అర్థం పూర్తిగా పోలేదు. 'మీ దర్శనం కావడం నా భాగ్యం' అన్నప్పుడు డబ్బు ప్రసక్తే లేదు.

ఒడిశాలోని గజపతి, గంజాం, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడుతూ పెరిగే పిల్లలకు ఈ తేడా ఒకరు నేర్పనక్కర్లేదు. ఎక్కడ ఏది అనాలో వారి నాలుకకు తెలుసు. అలాంటి పిల్లలకు ఇంగ్లీషులో ఆనందాన్నీ అదృష్టాన్నీ చెప్పే మాటలు మిగతావారికంటే సులువుగా పట్టుబడాలి. కానీ బడిలో అవి అలా అందడం లేదు. 'సంతోషం' అని రాసి, దాని ఎదురుగా హ్యాపీ, గ్లాడ్, జాయ్‌ఫుల్, చీర్‌ఫుల్, మెర్రీ, గే అని వరసగా పేర్చిన పట్టికే వారి చేతికి వస్తుంది. అన్నీ ఒకటేనని, ఒకదాని బదులు ఇంకొకటి పెట్టుకోవచ్చని ఆ పట్టిక చెప్పకనే చెబుతుంది. ఇది పిల్లలకు జరుగుతున్న అన్యాయం. ఇంగ్లీషులో హ్యాపీ లాంటి కొన్ని సంతోషం మాటలు అదృష్టం మాటల కడుపున పుట్టినవి. పుట్టింటి నుంచి ఏ మాట ఎంత దూరం వచ్చిందో చెబితే, దాన్ని ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో పిల్లలకు తెలుస్తుంది.

ముందుగా భాగ్యానికి అచ్చంగా జోడీ అయిన 'ఫార్చ్యూన్' సంగతి చూద్దాం. లాటిన్‌లో 'ఫోర్స్' అంటే యాదృచ్ఛికంగా జరిగేది. దాని నుంచి 'ఫోర్తూనా' పుట్టింది. రోమన్లు ఆ పేరుతో ఒక దేవతను కొలిచారు. ఆమె చేతిలో చక్రం ఉంటుంది. అది తిరిగితే పైనున్నవాడు కిందికి, కిందున్నవాడు పైకి. ఆ మాట ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. 16వ శతాబ్దం నాటికి దానికి సంపద అనే అర్థం కూడా చేరింది. ఇప్పుడు 'మేడ్ ఎ ఫార్చ్యూన్' అంటే బాగా గడించాడని, 'కాస్ట్స్ ఎ ఫార్చ్యూన్' అంటే ధర మండిపోతోందని. 'ఫార్చ్యూన్ టెల్లర్' మాత్రం పాత అర్థంలోనే మిగిలిపోయాడు. అతను చెప్పేది జోస్యం, బ్యాంకు ఖాతా లెక్క కాదు. 'వెల్త్' కూడా ఇదే దారిలో నడిచింది. దాని తొలి అర్థం క్షేమం, మేలు. ఆ అర్థం ఈనాటికీ 'కామన్‌వెల్త్' అనే మాటలో ఉంది: అందరి ఉమ్మడి మేలు అని.

ఇక్కడివరకు ఫార్చ్యూన్ మన భాగ్యంలాగే నడుస్తుంది. చిక్కంతా 'ఫార్చునేట్' దగ్గర వస్తుంది. 'ఎ ఫార్చునేట్ మ్యాన్' అనే మాటను తెలుగు విద్యార్థి 'భాగ్యవంతుడు' అని తర్జుమా చేస్తాడు. అది తప్పు. ఫార్చ్యూన్‌కు సంపద అర్థం వచ్చినా ఫార్చునేట్‌కు రాలేదు. ఆ మాట అదృష్టం దగ్గరే ఆగిపోయింది. అంటే ఫార్చ్యూన్ తెలుగు భాగ్యంలా, ఫార్చునేట్ ఒడియా భాగ్యబానలా ప్రవర్తిస్తాయి. బరంపురంలో పెరిగిన పిల్లవాడికి ఈ ఒక్క వాక్యం చెబితే చాలు, జన్మలో మరిచిపోడు. విజయవాడలో చదివే పిల్లవాడికి ఇదే సంగతి చెప్పాలంటే అరగంట పడుతుంది. సరిహద్దు పిల్లలు మూడు భాషల మధ్య నలిగిపోతున్నారని తల్లిదండ్రులు బెంగపడుతుంటారు. ఆ బెంగలో నిజం ఉంది. కానీ వారి చేతిలో ఉన్న ఈ లాభాన్ని కూడా లెక్కలో వేయాలి.

హ్యాపీ కథ ఇంకా విచిత్రం. ఇంగ్లీషు నేర్చుకునే ప్రతివారికీ మొదటి వారంలోనే తెలిసే ఈ మాటకు మొదట్లో సంతోషంతో సంబంధమే లేదు. పాత నార్స్ భాషలో 'హాప్' అంటే అదృష్టం, అవకాశవశాత్తూ జరిగేది. ఉత్తర ఐరోపా నుంచి ఓడల మీద వచ్చి ఇంగ్లండులో స్థిరపడినవారి భాష అది. ఆ మాట ఇంగ్లీషులో 'హ్యాప్' అయింది. 14వ శతాబ్దం చివరలో దాని నుంచి 'హ్యాపీ' పుట్టినప్పుడు దాని అర్థం అదృష్టవంతుడు. కాలం కలిసివచ్చినవాడు ఆనందంగా ఉంటాడు కాబట్టి, 16వ శతాబ్దానికి ఆనందం అనే అర్థం దాని మీదికి వచ్చి స్థిరపడింది. ఇప్పుడు హ్యాప్ ఒంటరిగా వినిపించదు కానీ దాని సంతానం ఇంగ్లీషు నిండా ఉంది. 'హ్యాపెన్' అంటే జరగడం. 'పర్హాప్స్' అంటే బహుశా. 'మిస్‌హ్యాప్' అంటే దుర్ఘటన. 'హ్యాప్‌లెస్' అంటే దురదృష్టవంతుడు. సంతోషం లేనివాడని కాదు. 'హ్యాప్‌హజార్డ్' అంటే ఒక పద్ధతీ పాడూ లేకుండా, తోచినట్టు. 'ఏదో జరిగింది', 'బహుశా', 'ఆనందం' అనే మూడు భావాలు ఒకే ఇంటివని తెలుగువాడు ఊహించను కూడా ఊహించలేడు.

పాత అర్థం ఇప్పటికీ కొన్ని చోట్ల తొంగి చూస్తుంది. 'హ్యాపీ యాక్సిడెంట్' అనే మాట పాఠంలో వస్తే పిల్లలు తెల్లబోతారు. ప్రమాదంలో సంతోషం ఏమిటని అడుగుతారు. అక్కడ హ్యాపీ అంటే కలిసివచ్చిన. యాక్సిడెంట్ అంటే అనుకోకుండా జరిగినది. రెండూ కలిపితే అనుకోని మేలు. అలాగే దినపత్రికలో బస్సు బోల్తా పడిన వార్త చివర 'హ్యాపీలీ, నో వన్ వాజ్ హర్ట్' అని ఉంటే, ఎవరూ గాయపడనందుకు ఎవరో సంతోషంగా గంతులేశారని కాదు. అదృష్టవశాత్తూ అని. వాక్యం మొదట్లో నిలిచినప్పుడు హ్యాపీలీ, లక్కీలీ, ఫార్చునేట్లీ మూడూ ఒకే పని చేస్తాయి. వాక్యం మధ్యలోకి వస్తే మాత్రం హ్యాపీలీ తన కొత్త అర్థాన్నే పట్టుకుంటుంది: పిల్లలు సంతోషంగా ఆడుకుంటున్నారు అన్నట్టు.

అదృష్టం నుంచి ఆనందానికి నడిచింది ఇంగ్లీషు ఒక్కటే కాదు. జర్మన్‌లో 'గ్లూక్' అనే మాటకు ఈనాటికీ రెండు అర్థాలున్నాయి: అదృష్టం, ఆనందం. దాని డచ్చి చుట్టం ఇంగ్లీషులోకి వచ్చి 'లక్' అయింది. ఇంగ్లీషు ఆ మాటకు అదృష్టం ఒక్కటే ఇచ్చి, ఆనందాన్ని హ్యాపీకి వదిలేసింది. ఎదురు దారిలో నడిచిన మాట కూడా ఒకటుంది. 'జాయ్' పుట్టుకతోనే ఆనందం. లాటిన్‌లో ఆనందాన్ని చెప్పే 'గౌదియుమ్' నుంచి వచ్చింది. కానీ బ్రిటన్‌లో ఇల్లు వెతుక్కుంటున్న మిత్రుణ్ణి 'ఎనీ జాయ్?' అని అడిగితే, పని అయిందా, కలిసివచ్చిందా అని అర్థం.

అన్నిటికంటే ఎక్కువగా దిగజారిన మాట 'సిల్లీ'. పాత ఇంగ్లీషులో దాని పూర్వరూపానికి ధన్యుడు, భాగ్యశాలి అని అర్థం. ధన్యుడు అమాయకుడయ్యాడు, అమాయకుడు జాలిపడదగ్గవాడయ్యాడు, 16వ శతాబ్దం చివరికి తెలివితక్కువవాడిగా తేలాడు. జర్మన్‌లో దాని తోబుట్టువు 'జేలిష్' మాత్రం ఇప్పటికీ ధన్యతనే చెబుతుంది.

పుట్టుపూర్వోత్తరాలు అలా ఉంచి వాడుకలోకి వస్తే, తెలుగువారికి హ్యాపీతో వచ్చే మొదటి ఇబ్బంది వాక్యం కట్టడంలోనే ఉంది. తెలుగులో సంతోషం మనిషి దగ్గరికి వస్తుంది: 'నాకు సంతోషంగా ఉంది'. ఒడియా కూడా అంతే: 'మోతె ఖుసి లాగుఛి'. మహారాష్ట్ర సరిహద్దులోని సిరొంచ వైపు వెళ్తే మరాఠీలో 'మలా ఆనంద్ ఝాలా' అంటారు. మూడింటిలోనూ 'నాకు' అనేదే ముందు. ఇంగ్లీషులో మనిషే వాక్యానికి కర్త, హ్యాపీ అతని విశేషణం. 'సంతోషంగా' అనే మాటలోని 'గా'ను చూసి హ్యాపీలీ అని రాయడం ఇక్కడి నుంచే వస్తుంది. 'ఐ యామ్ హ్యాపీలీ' అని రాసిన విద్యార్థికి వ్యాకరణం రాక కాదు, తన భాష వ్యాకరణం మరీ బాగా వచ్చి. సున్నా మార్కులు వేసే ముందు ఉపాధ్యాయుడు ఆ తేడా చెబితే ఆ పొరపాటు మళ్ళీ రాదు.

రెండో ఇబ్బంది హ్యాపీ వెంట నడిచే చిన్న మాటలది. 'హ్యాపీ విత్' అంటే తృప్తి: కొత్త ఇంటితో, పనివాడి పనితనంతో. 'హ్యాపీ అబౌట్' అంటే ఒక విషయం గురించి: బదిలీ గురించి, ఫలితాల గురించి. 'హ్యాపీ ఫర్' అంటే ఇంకొకరి మేలు చూసి మనం పొందే సంతోషం. 'హ్యాపీ టు' అంటే ఇష్టపూర్వకంగా ఒక పని చేయడానికి సిద్ధంగా ఉండటం. వీటిలో 'ఫర్' చాలా విలువైనది. అసూయ లేకుండా, పక్కవాడి మంచికి పొంగిపోయే భావాన్ని రెండు మాటల్లో చెప్పగలగడం ఇంగ్లీషుకు దక్కిన సౌలభ్యం. తెలుగులో దానికి 'నీకు మంచి జరిగినందుకు నాకు సంతోషంగా ఉంది' అని పూర్తి వాక్యం కావాలి.

ఉద్యోగాల్లో చేరినవారిని ఎక్కువగా ఇబ్బందిపెట్టేది 'నాట్ హ్యాపీ'. పై అధికారి ఈ-మెయిల్‌లో 'ఐ యామ్ నాట్ హ్యాపీ విత్ దిస్ రిపోర్ట్' అని రాస్తే ఆయన విచారంగా ఉన్నారని కాదు, నివేదిక ఆయనకు బొత్తిగా నచ్చలేదని. తెలుగులో కోపం గట్టి మాటలతో బయటపడుతుంది. ఇంగ్లీషు మర్యాదలో అదే కోపం సంతోషం లేదన్న చిన్న మాట చాటున ఉంటుంది. రాయగడలో చదివి బెంగళూరు, హైదరాబాదుల్లో ఉద్యోగాలకు వెళ్ళే యువతకు ఈ సంగతి ముందే చెప్పాలి.

'సంతోషం' అన్న మాట కూడా సరిహద్దు దాటితే కాస్త రంగు మార్చుకుంటుంది. సంస్కృతంలో అది తృప్తికి దగ్గర. ఒడియాలో, మరాఠీలో ఆ ఛాయే ఎక్కువ. తెలుగు దాన్ని మామూలు ఆనందానికి పెట్టుకుంది. అందువల్ల తెలుగు సంతోషం హ్యాపీ అయితే, ఒడియా సంతోషం 'కంటెంట్' అవుతుంది. ఒడియాలో హ్యాపీకి సరిపోయేది 'ఖుసి'. అదే ఫారసీ మాట తెలుగులో 'ఖుషీ' అయ్యేసరికి షికారు, సరదా, ఉత్సాహం కలిసి 'జాలీ' దగ్గర తేలింది. 'అతను ఖుషీగా ఉన్నాడు' అంటే తెలుగులో ఒక రకం, ఒడియాలో మరో రకం.

'గ్లాడ్' మాటకు మొదటి అర్థం మెరిసేది, కాంతిగలది. 'చీర్' మాటకు మొదటి అర్థం ముఖం. ఇవి తెలుగువారికి కొత్తగా అనిపించకూడదు. మనవారికీ సంతోషం ముఖంలోనే కనిపిస్తుంది: ముఖం వెలిగిపోయింది అంటాం, మొహం చేటంత అయింది అంటాం. వాడుకలో గ్లాడ్ అప్పటికప్పుడు జరిగిన దానికి స్పందన. మీరు వచ్చినందుకు, కబురు అందినందుకు గ్లాడ్. నామవాచకం ముందు అది సాధారణంగా నిలవదు. 'ఎ హ్యాపీ చైల్డ్' అంటారు కానీ 'ఎ గ్లాడ్ చైల్డ్' అనరు. సంతోషంగా ఉండే స్వభావం గల పిల్ల వేరు, ఇప్పుడు సంతోషపడిన పిల్ల వేరు కదా. 'ప్లీజ్డ్' లాంఛనంగా ఉంటుంది, 'డిలైటెడ్' ఒక మెట్టు పైన, 'బ్లిస్' అన్నిటికంటే పైన. బ్లిస్ పుట్టుకలో మామూలు ఆనందమే అయినా, ఆశీర్వాదాన్ని చెప్పే 'బ్లెస్' పక్కన శతాబ్దాలుగా నిలబడి దైవికమైన ఛాయ తెచ్చుకుంది. మన బ్రహ్మానందం దాని స్థాయి మాట.

పట్టికల్లో ఇప్పటికీ కనిపించే 'గే'ను ఆ వరస నుంచి తీసేయాలి. పాత పద్యాల్లో దానికి ఉల్లాసం అనే అర్థం ఉన్న మాట నిజమే. నేటి ఇంగ్లీషులో అది స్వలింగ ఆకర్షణ గల వ్యక్తులను గౌరవంగా చెప్పే మాట. పాత గైడు పట్టుకుని వ్యాసం రాసే విద్యార్థి తాను అనుకోనిది రాసినవాడవుతాడు.

'ఎంజాయ్' గురించి కూడా ఒక మాట. తెలుగులో 'పెళ్ళిలో బాగా ఎంజాయ్ చేశాం' అంటే చాలు, వాక్యం పూర్తవుతుంది. ఇంగ్లీషులో దేన్ని అనే కర్మ ఉండాలి: పెళ్ళిని, భోజనాన్ని, లేదా 'అవర్‌సెల్వ్స్'. కర్మ లేకుండా వాడటం భారతీయ ఇంగ్లీషులో పాతుకుపోయింది. మాటల్లో ఫర్వాలేదు కానీ పరీక్షలో, దరఖాస్తులో పనికిరాదు.

ఇక అదృష్టం వైపు వద్దాం. లక్కీకీ ఫార్చునేట్‌కూ మధ్య తేడా ఉంది. లక్కీ లాటరీ మాట, కాకతాళీయం మాట, నోటి మాట. ఫార్చునేట్ కాస్త గంభీరమైనది. మంచి తల్లిదండ్రులు, మంచి గురువులు, మంచి ఊరు దొరికినందుకు కృతజ్ఞత కలిసిన మాట. రాత్రింబవళ్ళు చదివి ర్యాంకు తెచ్చుకున్న అమ్మాయితో 'యూ ఆర్ లక్కీ' అంటే ఆమె కష్టాన్ని కొట్టిపారేసినట్టే. తెలుగులో 'నక్క తోక తొక్కి వచ్చావు' అన్నా అదే అవమానం. ఏ భాషలోనైనా అదృష్టం మాట చెప్పే ముందు ఎదుటివారి శ్రమను చూడాలి. అక్కడ వాడవలసింది 'కంగ్రాచ్యులేషన్స్'. ఆ మాట చివరి 'స్' తీసేయకూడదు, దాని తర్వాత 'ఫర్' కంటే 'ఆన్' మేలు.

విధిని ఎక్కడ రాసి ఉంచారనే విషయంలో తెలుగు, ఒడియా ఒకటే. మనం నుదుటి రాత, నొసటి రాత అంటాం. ఒడియావారు 'కపాళ' అంటారు. వారికది నుదురు, తలరాత రెండూ. తెలుగులో కపాలం అంటే పుర్రె కాబట్టి, గుణుపురానికి కొత్తగా వచ్చిన తెలుగు కోడలు పక్కింటావిడ 'మో కపాళ' అని నుదురు కొట్టుకుంటే ఒక క్షణం కంగారుపడుతుంది. ఇంగ్లీషు తన రాతను నుదుటి మీద పెట్టలేదు. చక్రంలో పెట్టింది, పాచికల్లో పెట్టింది, నక్షత్రాల్లో పెట్టింది. 'థ్యాంక్ యువర్ లక్కీ స్టార్స్' అనే మాట అక్కడిదే. 'డిజాస్టర్'లోని 'ఆస్టర్' కూడా నక్షత్రమే. చెడు నక్షత్రం అని ఆ మాటకు మూలార్థం. మంచి జరుగుతోందని చెప్పిన వెంటనే 'టచ్ వుడ్' అని బల్ల తాకడం మన దిష్టి భయానికి ఇంగ్లీషు రూపం.

పంట దగ్గర మాత్రం లాటిన్, తెలుగు ఆశ్చర్యంగా కలిశాయి. లాటిన్‌లో 'ఫేలిక్స్' అంటే ముందు ఫలించేది, కాపు కాసేది. తర్వాత అదృష్టవంతుడు, ఆనందంగా ఉన్నవాడు. దాని నుంచే ఇంగ్లీషు 'ఫెలిసిటీ' వచ్చింది. మనవారు అదృష్టం వరిస్తే 'నా పంట పండింది' అంటారు, కోరిక నెరవేరితే 'నోము పండింది' అంటారు, గర్భం నిలిస్తే 'కడుపు పండింది' అంటారు. రైతు బతుకు నుంచి వచ్చిన ఆలోచన రోములోనూ శ్రీకాకుళం సరిహద్దులోనూ ఒకే మాటను కట్టింది. 'విండ్‌ఫాల్' కూడా తోటలో పుట్టినదే: గాలికి రాలిన పండు, అంటే కోయకుండానే దక్కినది. అనుకోకుండా చేతికి వచ్చిన సొమ్ముకు ఇప్పుడా మాట వాడతారు. జీడి, మామిడి తోటలున్న ఊళ్ళలో ఈ మాటకు వేరే వివరణ అవసరం లేదు.

ఆ ఫెలిసిటీ కుటుంబంలోదే 'ఫెలిసిటేషన్'. ఇంగ్లండులో 'ఫెలిసిటేషన్స్' అంటే అభినందనలు. అది కూడా పాతబడిన మాట. మన దేశంలో మాత్రం శాలువా, పూలదండ, జ్ఞాపిక కలిస్తే ఫెలిసిటేషన్. బరంపురంలో రిటైరైన ఉపాధ్యాయుడికి చేసే సన్మాన సభ బ్యానరు మీద ఈ మాట లేకుండా ఉండదు. దీన్ని తప్పు అనడం న్యాయం కాదు. సన్మానం అనే ఆచారం మనకుంది, దానికి ఇంగ్లీషులో మాట లేదు, ఉన్నవాటిలో దగ్గరిదాన్ని తీసుకుని మనవారు తమ అవసరానికి మలుచుకున్నారు. బయటిదేశానికి ఉత్తరం రాసేటప్పుడు అక్కడివారికి ఆ అర్థం తెలియదని గుర్తుంచుకుంటే చాలు.

ఇలా మలుచుకున్న మరో మాట పెళ్ళి శుభలేఖ మీద ఉంటుంది. పర్లాకిమిడిలో అచ్చయ్యే శుభలేఖ ఒకటి తీసుకుని చూడండి. తెలుగు వైపు పైన 'శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు'. ఒడియా వైపు 'శుభ బిబాహ'. ఇంగ్లీషు వైపు 'ఆన్ ది ఆస్పీషియస్ అకేషన్ ఆఫ్'. బ్రిటన్‌లో మామూలు పెళ్ళి పత్రికల మీద ఆస్పీషియస్ దాదాపు కనిపించదు. అది పుస్తకాల మాట. మనకు శుభం లేకుండా పెళ్ళి లేదు కాబట్టి ఆ మాట ఇక్కడ ఇంటింటి మాట అయింది. దాని మూలం ఇంకా ఆసక్తికరం. లాటిన్‌లో 'ఆవిస్' అంటే పక్షి. 'ఆస్పెక్స్' అంటే పక్షులను చూసి శుభాశుభాలు చెప్పేవాడు. సంస్కృతంలో 'శకున' అన్నా పక్షే. శకుంతల అనే పేరులో ఉన్నదీ పక్షే. అక్కడి రోమన్ పురోహితుడు, ఇక్కడి శకునం చెప్పేవాడు ఇద్దరూ ఆకాశం వైపే చూశారు. దసరా నాడు పాలపిట్టను చూస్తే మంచిదని తెలుగువారు ఈనాటికీ నమ్ముతారు. రోములో పక్షి శకునం చెప్పేవారికి 'ఆగుర్' అని ఇంకో పేరుంది. ప్రారంభోత్సవాల శిలాఫలకాల మీద కనిపించే 'ఇనాగరేషన్' దాని నుంచే వచ్చింది. శకునం చూసుకుని మొదలుపెట్టడం అని దాని అసలు అర్థం. ముహూర్తం చూసి చేసిన ప్రారంభోత్సవానికి ఇంతకంటే తగిన ఇంగ్లీషు మాట దొరకదు.

అదే శుభలేఖలో వధువు పేరు ముందు 'చి.ల.సౌ.' ఉంటుంది: చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి. ఈ సౌభాగ్యం మంచి భాగ్యమే అయినా, పెళ్ళి సందర్భంలో దాని అర్థం భర్త క్షేమంతో ముడిపడి ఉంది. ఫార్చునేట్ దీనికి సరిపోదు, లక్కీ అసలే సరిపోదు, ఇంగ్లీషులో దీనికి మాట లేదు. కాబట్టి ఇంగ్లీషు వైపు కూడా ఆ 'సౌ'ను అలాగే మూడు రోమన్ అక్షరాల్లో అచ్చు వేస్తారు. ఇక్కడ జాగ్రత్త కావాలి. ఆ మూడు అక్షరాలు ఎస్, ఓ, డబ్ల్యూ అయితే ఇంగ్లీషులో అది ఆడపందికి పేరు. శుభలేఖ అందుకునే విదేశీ మిత్రుడు దాన్ని ఎలా చదువుకుంటాడో ఊహించండి. 'సౌభాగ్యవతి' అని పూర్తిగా రోమన్ లిపిలో రాయడమో, ఇంగ్లీషు వైపు పేరు మాత్రమే ఉంచడమో మంచిది. అచ్చుయంత్రం ఎక్కకముందే ప్రెస్సువారికి చెప్పవలసిన మాట ఇది.

ఆశీస్సుల్లో వాతావరణం కూడా ఉంటుంది. తెలుగులో మేలు చల్లగా ఉంటుంది: చల్లగా ఉండు, నీ కడుపు చల్లగా, కళ్ళు చల్లబడ్డాయి. చలి దేశపు ఇంగ్లీషులో మేలు వెచ్చగా ఉంటుంది: 'వార్మ్ విషెస్', 'వార్మ్ వెల్‌కమ్', మనసును వెచ్చబరిచే వార్త. గంజాం ఎండల్లో కూర్చుని వార్మ్ విషెస్ అని రాసేవారికి ఇది గుర్తు రాకపోవచ్చు. కానీ 'చల్లగా ఉండు'ను మాటకు మాటగా ఇంగ్లీషులో పెడితే ఎందుకు పనికిరాదో దీనివల్ల తెలుస్తుంది.

పండుగ పలకరింపుల్లో హ్యాపీని అన్నిటికీ తగిలించడం ఫోన్లు వచ్చాక పెరిగింది. ఉగాదికి, దీపావళికి పెట్టవచ్చు. గుడ్ ఫ్రైడేకు పెట్టకూడదు. గజపతి జిల్లాలో క్రైస్తవులు గణనీయంగా ఉన్నారు. వారికది ఏసు సిలువ మరణాన్ని తలుచుకునే రోజు. ఆ 'గుడ్' పవిత్రమైన అనే అర్థంలోది, బాగున్న అని కాదు. అదే వారం ఆదివారం నాడు 'హ్యాపీ ఈస్టర్' అనడం సబబు. మొహర్రం నాడు కూడా హ్యాపీ తగదు. హుస్సేన్ వీరమరణాన్ని తలుచుకుని విలపించే రోజు అది. 'మెర్రీ' ఇప్పుడు క్రిస్మస్‌ను అంటిపెట్టుకుని బతుకుతోంది. 'మెనీ హ్యాపీ రిటర్న్స్ ఆఫ్ ది డే' పుట్టినరోజుకు చెప్పేది: ఈ రోజు నీ జీవితంలో మళ్ళీ మళ్ళీ రావాలని. పెళ్ళి పందిట్లో వధూవరులకు చెబితే, పెళ్ళి మళ్ళీ మళ్ళీ జరగాలని కోరినట్టవుతుంది. జరగబోయేదానికి 'బెస్ట్ విషెస్', జరిగినదానికి 'కంగ్రాచ్యులేషన్స్'. తెలుగులో శుభాకాంక్షలు, అభినందనలు ఇదే లెక్కలో ఉన్నాయి. ఒడియాలో శుభేచ్ఛా, అభినందన కూడా అంతే. ఈ ఒక్క చోట మూడు భాషలూ గొడవపడలేదు.

పర్లాకిమిడికి ఈ పని కొత్త కాదు. 1880లో గిడుగు రామమూర్తి ఉపాధ్యాయుడిగా చేరింది ఇక్కడే. చుట్టుపక్కల కొండల్లోని సవరల భాషను వారి నోటి నుంచే నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు కట్టారు. అవి 1931లో, 1938లో అచ్చయ్యాయి. మాటను దాన్ని వాడేవారి మధ్య చూడాలన్న పట్టుదలతోనే వ్యావహారిక తెలుగు కోసం పోరాడారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి ఆ వైపు చేరింది, ఆయన రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. ఆయన పద్ధతి ఇక్కడి ఇంగ్లీషు తరగతికి నేరుగా పనికొస్తుంది. పట్టికను పక్కనపెట్టి, నల్లబల్ల మీద మూడు నిలువు గీతలు గీసి, తెలుగులో భాగ్యవంతుడు, ఒడియాలో భాగ్యబాన, ఇంగ్లీషులో ఫార్చునేట్ అని రాసి, ఏ రెండు కలుస్తాయో పిల్లలనే అడగాలి. తర్వాత ఖుషీ, ఖుసి, హ్యాపీ. ఆ తర్వాత సంతోషం, సంతోష, కంటెంట్. ప్రతి మాటతోనూ ఒక వాక్యం వారి ఇంటి సంగతుల నుంచే చెప్పించాలి. 'హాయి' అని ఎవరైనా అడుగుతారు. దానికి ఇంగ్లీషులో ఒంటరి మాట లేదని, కంఫర్ట్, ఈజ్, ప్లెజర్ మూడూ కలిస్తే దాని దగ్గరికి వస్తాయని చెప్పి ముందుకు సాగవచ్చు. తొమ్మిది, పది తరగతులకు ఇది రెండు పీరియడ్ల పని. ఏడో తరగతికి భాగ్యం, ఫార్చ్యూన్ జోడీ ఒక్కటే సరిపోతుంది.